జేసీబీని పిలిచే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇంటి ఉత్తరాలే ఎక్కువ. అవీ ఊళ్ళో రోజూ కాపురముండే ఇళ్ళు కావు, శనాదివారాలు వచ్చి రెండు రాత్రులు పడుకుని పోయే ఇళ్ళు. తిరుపతి దగ్గర చంద్రగిరి దాటాక రోడ్డుకి రెండు పక్కలా చూస్తే మీకే తెలుస్తుంది, చెట్టూ గుట్టా ఉన్న స్థలమని మోజుపడి కొని, కొన్న వారానికే చెట్టూ గుట్టా లేకుండా చదును చేయించినవాళ్ళు ఎంతమందో. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే చోటంతా పోయింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: నమస్తే సార్. నేనూ మా ఆయనా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. భాకరాపేట దగ్గర కొండ కింద మా మామగారిది 80 సెంట్ల మెట్ట ఉంది. స్థలం మధ్యలో ఏనుగంత గుండ్లు రెండు, ఒక పాత చింతచెట్టు, తూర్పు వారగా వానాకాలంలో మాత్రం పారే చిన్న వంక, ఒక పాముపుట్ట. రోడ్డు పక్కన పాత కళ్ళం ఉంది, అక్కడ కారు షెడ్డు అనుకుంటున్నాం. 1200 అడుగుల్లో ఇల్లు కట్టుకుని ప్రకృతిని కాపాడుకుంటూ సెలవులకి రావాలని మా కోరిక. ఫాలింగ్‌వాటర్ ఇల్లు ఫొటోల్లో చూశాం, అలా వంక మీద కడితే ఎలా ఉంటుంది? కాంట్రాక్టరేమో రెండు రోజులు జేసీబీ పెట్టి గుండ్లు పగలగొట్టించి, వంకలో పైపు వేసి పూడ్చేస్తే స్థలం అద్దంలా అవుతుందంటున్నాడు. మా అత్తయ్య పుట్ట జోలికి పోవద్దంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న లెక్క. 80 సెంట్లంటే దాదాపు 34,800 చదరపు అడుగులు. మీ ఇల్లు 1200. అంటే వందలో మూడున్నర వంతు. ఆ మూడున్నర వంతు కోసం మిగతా తొంభై ఆరున్నరా చదును చేస్తానంటున్నాడు మీ కాంట్రాక్టరు. ఆయన్ని తప్పు పట్టను, చదునైన నేల మీద ముగ్గు పోసి పని మొదలుపెట్టడం ఆయనకి సులువు, జేసీబీకి గంట లెక్కన బాడుగ వస్తుంది. కానీ మీరు కొండ కింద స్థలం ఉంచుకున్నది అద్దం కోసం కాదు కదా.

ఫాలింగ్‌వాటర్ సంగతి. అది అమెరికాలో పెన్సిల్వేనియా అడవుల్లో ఉంది. ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో పిట్స్‌బర్గ్ వ్యాపారి కాఫ్‌మన్ కుటుంబానికి సెలవుల ఇల్లుగా గీసిచ్చాడు. కాఫ్‌మన్లు జలపాతం ఎదురుగా కనబడే ఇల్లు అనుకుంటే ఆయన జలపాతం నెత్తినే పెట్టేశాడు. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది, కాదనను. అయితే ముందుకి పొడుచుకొచ్చిన ఆ కాంక్రీటు వసారాలు ఏళ్ళ తరబడి కిందికి వాలుతూ వచ్చాయి, 2002లో లోపల ఉక్కు తాళ్ళు బిగించి నిలబెట్టారు. పైగా దాని కింద ఉన్నది ఏడాది పొడుగునా పారే వాగు. మన వంక అలాంటిది కాదమ్మా. పదకొండు నెలలు ఇసుకలో తంగేడు మొలిచి ఉంటుంది, మేకలు పడుకుంటాయి, పిల్లకాయలు క్రికెట్ ఆడతారు, కార్తీకంలో ఒక్క రాత్రి కొండ మీద కుండపోత పోస్తే తెల్లారేసరికి చెట్ల కొమ్మల్నీ రాళ్ళనీ మోసుకొచ్చి మీ మెట్ల మీద పెడుతుంది. 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది, తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ నీళ్ళన్నీ ఇలాంటి చిన్న వంకల్లోంచి వచ్చినవే.

పైపు వేసి పూడ్చడం గురించి నేను ఇంకొకళ్ళ కథ చెప్పక్కర్లేదు. నా సొంత తోటలోనే ఆ పని చేశాను. వంక మీద కారు దాటడానికి రెండడుగుల సిమెంటు పైపు ఒకటి వేసి పైన మట్టి పోసి దాని మీదే షెడ్డు కట్టా. ఇంజినీరునే, లెక్క వేసుకునే వేశా. 2015 నవంబరు వానలకి పైపు నోట్లో ఒక కంపచెట్టు అడ్డంపడింది, దాని మీద ఆకూ అలమూ చేరింది, నీళ్ళకి దారి లేక కట్ట మీదెక్కి షెడ్డుని తోసుకుని పక్కవాళ్ళ చేలోకి పోయాయి. షెడ్డు పోతే పోయింది. పక్కాయన వేరుశనగ వాములు తడిసి ముద్దయ్యాయి, ఆయన నన్నేమీ అనలేదు, ఒక తడిసిన కాయ చేతిలో పెట్టి వలిచి చూడమన్నాడు, అంతే. లెక్కలో నీళ్ళు వేసుకున్నాను గానీ కంపచెట్టుని వేసుకోలేదు. ఇప్పుడక్కడ రాళ్ళు పరిచిన దిగుడు బాట ఉంది, వంక వచ్చిన రోజు కారు ఇవతలే ఉంటుంది, ఏడాదికి ఏ నాలుగైదు రోజులో. దానికేం కొంప మునగలేదు.

ఇంకో మాట, చాలా చోట్ల వంక మీది కాదు. గ్రామ సర్వేయరుతో ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పటం, తీయించి చూడండి, అందులో వంక పోరంబోకు అని గీత ఉంటే అది ప్రభుత్వానిది, పూడ్చే హక్కు మీకూ లేదు, మీ కాంట్రాక్టరుకీ లేదు.

మరి ఇల్లెక్కడ? ఉత్తరంలో మీరే రాశారు, రాసినట్టు మీకే తెలియదు. కళ్ళం. కారు షెడ్డు కోసం వదిలేసిన ఆ కళ్ళంలోనే ఇల్లు కట్టండి.

పెద్దవాళ్ళు కళ్ళం ఊరికే ఎక్కడ పడితే అక్కడ చేయరు. తూర్పార పట్టడానికి గాలి రావాలి, కాబట్టి గాలి వచ్చే చోటే ఎంచుకుంటారు. వడ్లూ వేరుశనగా తడవకూడదు, కాబట్టి నీళ్ళు నిలవని మిట్ట చూసుకుంటారు. బండి వచ్చి తిరగాలి, కాబట్టి దారి పక్కనే. ఏళ్ళ తరబడి అలికి, తొక్కి, ఎద్దుల్ని తిప్పి గట్టిపడిన నేల, చెట్టూ చేమా ముందే లేవు, అక్కడ కడితే పోయేదేమీ లేదు. మీ స్థలంలో ఇప్పటికే మనిషి వాడేసిన చోటు అదొక్కటే. అందమైన చోట ఇల్లు కట్టకూడదు అన్నది నా మొండి అభిప్రాయం, అక్కడ కడితే ఆ అందం నేల కింద పోతుంది, కిటికీలోంచి చూడ్డానికి ఏమీ మిగలదు. చప్పగా ఉన్న చోట కట్టి అందమైన చోటుని చూస్తూ కూర్చోవాలి. రోడ్డు పక్కన చప్పుడు అంటారేమో, ఆ రోడ్డున రాత్రి ఎన్ని బళ్ళు పోతాయి? కావాలంటే రోడ్డు వైపు వంటిల్లూ స్నానాల గదీ పెట్టి, గుండ్ల వైపు పొడుగ్గా పంచ (వరండా) తీయండి. పంచ పది అడుగుల లోతు తక్కువ కాకుండా ఉండాలి, నాలుగు మంచాలు వేసినా మనిషి నడవాలి. మీరు ఎలాగూ అక్కడే పడుకుంటారు, గదుల్లో ఎవరు పడుకుంటారు సెలవుల్లో. కారుకి షెడ్డెందుకు, చింతచెట్టు నీడ అంచున నిలిపితే చాలు, మొదటికి ఆనించి మాత్రం వద్దు, ఎందుకో కిందే చెబుతున్నా.

గుండ్ల విషయం. గడ్డపార తీసుకుని గుండు అడుగున నాలుగు వైపులా కాస్త తవ్వి చూడండి. కిందికి పోయేకొద్దీ వెడల్పవుతూ పోతే అది భూమిలోంచి లేచిన బండ, దాని పక్కన భయం లేదు. కింద మట్టి తగిలి గుండు లోపలికి తిరిగిపోతుంటే అది మట్టి మీద కూర్చున్న రాయి, వేల ఏళ్ళుగా కూర్చుంది, ఇంకా కూర్చుంటుంది, మనం దాని పాదం దగ్గర మట్టి తీయనంతవరకు. పునాదో సంపో సెప్టిక్ ట్యాంకో ఏదీ అలాంటి గుండుకి దిగువన, దగ్గరలో తవ్వొద్దు. ఎండాకాలం ఇంకొకటి గమనించండి, మే నెలలో రాత్రి పది గంటలకి వెళ్ళి గుండు మీద అరచెయ్యి ఆనించండి, పగటి సెగ ఇంకా కక్కుతూనే ఉంటుంది. అందుకే పడకగది గోడకి ఆనుకుని వద్దు. చలికాలం మాత్రం సాయంత్రం దానికి వీపు ఆనించి కూర్చుంటే అదే ముసలమ్మ కుంపటి. రైట్ దగ్గర నేర్చుకోవాల్సింది నిజానికి వాగు మీద కట్టడం కాదు, ఇది: కాఫ్‌మన్లు ఎండ కాగడానికి కూర్చునే రాతిబండని ఆయన పగలగొట్టలేదు, హాలు మధ్యలో పొయ్యిగడ్డ కింద అలాగే పైకి తేలి ఉండేట్టు వదిలేశాడు.

చింతచెట్టుకి కొలత తీసుకోండి. మొదలు చుట్టూ తాడు చుట్టి, ఆ పొడుగుని 3.14తో భాగిస్తే అడ్డం కొలత వస్తుంది. అడ్డం ఎన్ని అంగుళాలుంటే మొదలు చుట్టూ అన్ని అడుగుల మేర వేళ్ళ జాగా అనుకోండి. చుట్టు 11 అడుగులుంటే అడ్డం 42 అంగుళాలు, కాబట్టి 42 అడుగులు. ఆ గిరిలో పునాది తవ్వకూడదు, మట్టి పోయకూడదు, ఇసుకా ఇటుకా దించకూడదు, లారీ తిరగకూడదు. చెట్టు బతుకంతా పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటుంది, ఆ మట్టి గట్టిపడి గాలాడకపోతే చెట్టు ఆ ఏడు చావదు, మూడో ఏడో ఐదో ఏడో పైకొమ్మల నుంచి ఎండుకుంటూ వస్తుంది, అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీసుకుని ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు. పని మొదలుకాకముందే ఆ గిరి చుట్టూ రాతి కూసాలు పాతి తీగ కట్టించండి. ఒప్పందంలో రాయించండి. నోటిమాట చాలదు, ఎందుకంటే మేస్త్రీ మంచివాడే అయినా మధ్యాహ్నం ఎండకి సిమెంటు కలిపే చోటు ఎప్పుడూ చెట్టు కిందే పెడతాడు, బొచ్చెలు కడిగిన సున్నపు నీళ్ళు మొదట్లోనే పారబోస్తాడు. వాళ్ళకి వేరే పందిరి వేయించడం మీ ఖర్చే అనుకోండి, నాలుగు వెదుళ్ళూ కొబ్బరాకులూ, ఎంతవుతుంది?

పుట్ట విషయంలో మీ అత్తగారి మాటే నాదీ. నాగులచవితికి పాలు పోయడానికి మళ్ళీ ఎక్కడికో పోనక్కర్లేదు. చెదలు వస్తాయని భయమైతే పుట్ట తవ్వితే చెదలు పోవు, ఇంట్లో కర్ర నేలకి తగలకుండా చూసుకోవాలి. ద్వారబంధాలు రాతివి పెట్టించండి, మన జిల్లాలో రాయికి కరువా.

ఇల్లు గీయించడానికి తొందరపడొద్దు. ఒక్క వానాకాలం ఆగండి. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాను లెక్క. ఆ రోజుల్లో రెండు మూడు సార్లు స్థలానికి పోయి, పెద్ద వాన వెలిసిన మర్నాడు పొదలకి చిక్కుకున్న చెత్త ఎంత ఎత్తున ఉందో చూసి అక్కడ రాళ్ళకి సున్నం బొట్లు పెట్టండి. వంక ఎంతవరకు వస్తుందో మీకు ఆ బొట్లు చెబుతాయి, ఏ మ్యాపూ అంత బాగా చెప్పదు. మట్టాలకి టోటల్ స్టేషన్ (దూరాలూ ఎత్తులూ కొలిచే పరికరం) సర్వే చేయించండి, గుండ్లు, చెట్లు, పుట్టతో సహా కాగితం మీదికి రావాలి. లేకపోయినా మేస్త్రీల దగ్గర నీళ్ళు నింపిన లెవల్ ట్యూబు ఉంటుంది కదా, అది పట్టుకుని ఇద్దరూ ఒక ఆదివారం తిరిగితే స్థలం ఎటు ఎంత వాలిందో మీ కాళ్ళకే అర్థమవుతుంది.

పునాది తవ్వేచోట పైన జానెడు మట్టి వేరుగా తీసి కుప్ప పోయించండి, విత్తనాలన్నీ అందులోనే ఉంటాయి, పనంతా అయ్యాక చుట్టూ చల్లితే తొలి వానకే గడ్డి తిరిగి లేస్తుంది. ఇంటి కప్పు మీద నీళ్ళు సంపుకి పట్టండి. 1200 చదరపు అడుగుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 1100 లీటర్లు, నవంబరులో ఒక్క రోజు 100 మిల్లీమీటర్లు పడితే 11,000. నెలకి నాలుగైదు రోజులు ఉండే ఇంటికి అది చిన్న సంగతి కాదు. సెప్టిక్ ట్యాంకు వంకకీ బోరుకీ కనీసం 50 అడుగులు ఎడంగా ఉండాలి.

ప్రశ్న: పుత్తూరు దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట, బెంగుళూరు (తోతాపురి) కాయ. తోట నడిమధ్య గెస్ట్‌హౌస్ కడదామంటే 12 చెట్లు పోతాయంటున్నారు. కాయకి రేటు లేదు కాబట్టి పోతే పోయాయి అంటాడు మా అన్న. – ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: రేటు పడిపోయిన ప్రతి ఏడూ ఈ మాట వింటూనే ఉన్నాను. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల క్యూలో రెండు రాత్రులు పడుకున్నవాడికి చెట్టు మీద విసుగు పుట్టడం సహజం, మీ అన్నగారిని ఏమీ అనను. కానీ పన్నెండు ఎందుకు? పాత తోటలైతే చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడంతో పెట్టి ఉంటారు, ఎకరానికి 40. మీదీ అలాగే ఉంటే ఒక్క చెట్టు తీయండి. ఆ చెట్టున్న చోటు నుంచి నాలుగు దిక్కులా ఉన్న చెట్లకి 33 అడుగుల దూరం. అక్కడ 30 అడుగులు పొడవు 30 అడుగులు వెడల్పు ఇల్లు నిలబెడితే గోడకీ పక్క చెట్టు మొదలుకీ 18 అడుగులు మిగులుతాయి. మామిడి మొదలు అడ్డం 16 అంగుళాల లోపుంటే, పైన చింతచెట్టుకి చెప్పిన లెక్క ప్రకారం సరిపోయింది. అంతకంటే లావుంటే ఇల్లు తగ్గించుకోండి.

900 అడుగులు చాలదంటే పైన ఇంకో అంతస్తు వేయండి, కొమ్మల ఎత్తుకి పోతుంది గది, మార్చిలో పిందె కిటికీకి తగులుతుంది. తీసే ఆ ఒక్కటీ కూడా కాపు తగ్గిన ముసలి చెట్టు ఏదో చూసుకోండి. నీరు, నేల, చెట్ల రక్షణకి వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, చెట్టు కొట్టేముందు అనుమతి సంగతి ఊళ్ళోనే కనుక్కోండి. కొట్టిన దుంగ అమ్మొద్దు, నీడలో ఆరబెట్టి బల్లలు చేయించుకోండి.

ప్రశ్న: మా స్థలం చిత్తూరు దగ్గర, నైరుతికి పల్లం. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుండాలి కదా, ఆరడుగులు మట్టి తోలమంటున్నారు. అక్కడ రెండు కానగ చెట్లు కూడా ఉన్నాయి. – చిత్తూరు నుంచి ఒకరు

జవాబు: వాస్తు నమ్మకం మీది, అందులో వేలు పెట్టను. మట్టి లెక్క మాత్రం చెబుతా. 60 అడుగులు పొడవు, 50 అడుగులు వెడల్పు, ఒక చివర ఆరు, ఇంకో చివర సున్నా అంటే సగటున మూడడుగులు, అంటే 9000 ఘనపుటడుగులు, 90 యూనిట్లు. ట్రాక్టరుకి ఒక యూనిట్ వేసినా 90 ట్రాక్టర్లు. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? ఏదో ఒక చెరువులోంచో, ఏదో ఒక గుట్టని కొరికో. వచ్చాక అణగడానికి రెండు మూడు వానాకాలాలు పడుతుంది, అది జారకుండా చుట్టూ గోడ కావాలి, ఆ గోడ వెనక నీళ్ళు చేరి అది ఉబ్బుతుంది. కానగ చెట్లు మొదలు పూడిపోయి చస్తాయి.

నాకు తెలిసిన ఒక సిద్ధాంతిగారు ఇలాంటి తగాదా ఒకటి తేల్చారు. పల్లంలో రాతి పునాది గోడ ఎత్తుగా లేపి, ఇంటి నేల అంతా ఒకే మట్టం చేసి, నైరుతి గదిని మాత్రం మూడంగుళాలు ఎత్తు పెట్టించి, నీళ్ళ ట్యాంకు ఆ గది మీద పెట్టమన్నారు. ఇంకేం దోషం లేదన్నారు. ఇంటి కింద మిగిలిన ఖాళీలో ఇప్పుడు వాళ్ళు కొబ్బరికాయలూ పాత సైకిళ్ళూ పెట్టుకుంటున్నారు. మీ సిద్ధాంతిగారిని కూడా అడిగి చూడండి, మట్టి తోలేవాడిని మాత్రం అడగొద్దు.

ప్రశ్న: అన్నా, తిరుపతి నుంచి అరగంట దూరంలో మా ప్లాటు. ఉత్తరం వైపు శేషాచలం కొండలు మొత్తం కనబడతాయి. ఆ గోడంతా అద్దం పెట్టేద్దామనుకుంటున్నా, ఏసీ పెడతాం కాబట్టి వేడి సమస్య లేదు. ఓకేనా? – తిరుపతి నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, కొండ పడమటి వైపు లేదు, అది నీ అదృష్టం. ఉత్తరపు వెలుతురు మెత్తగా ఉంటుంది. కానీ తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, అంటే ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మనకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపే వాలి ఉంటాడు. చాలామంది ఇంజినీర్లు కూడా దీన్ని మరిచిపోతారు, పుస్తకాలన్నీ చలిదేశాల వాళ్ళవి కాబట్టి. అందుకని ఉత్తరానికి కూడా కనీసం మూడడుగుల చూరు కావాలి, పొద్దున్నా సాయంత్రం పక్క నుంచి తగిలే ఎండకి అంచుల్లో అడ్డుగోడలు కావాలి. అదంతా చేశాక అది పంచే అయింది కదా, మరి పంచే కట్టరాదూ?

ఇంకా రెండు ఉన్నాయి. పెద్ద అద్దంలో కొండా ఆకాశమూ కనబడితే పిట్టలు దాన్నీ ఆకాశమే అనుకుని వచ్చి కొట్టుకుంటాయి. అద్దం తప్పదంటే చిన్న పలకలుగా విడగొట్టి మధ్యలో కర్ర చట్రం పెట్టు, లేదా బయట వెదురు తడికె జారే ఏర్పాటు చేయి. రెండోది, తొలకరి రాత్రి లైట్లన్నీ వేసి కూర్చున్నావంటే ఊళ్ళో ఉసిళ్ళన్నీ నీ గోడకే. మా చిన్నప్పుడు దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి పట్టి వేయించుకు తినేవాళ్ళం, నువ్వు తింటావంటే సరే. బయట ఫోకస్ లైట్లు మాత్రం అసలు వద్దు. కొండ కింద చిరుతలూ దుప్పులూ తిరిగే దార్లు ఉంటాయి, చీకటి వాటిది. మెట్ల దగ్గర మోకాలెత్తున పసుపు బల్బు ఒకటి చాలు.

ప్రశ్న: తోటలో ఇల్లు, నెలకోసారి వస్తాం. పాముల భయానికి ఇంటి చుట్టూ ఇరవై అడుగులు సిమెంటు చేయించమంటున్నారు. చేయించాలా? – పలమనేరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఇరవై అడుగుల సిమెంటంటే మే నెలలో అది పెనం. పాము సిమెంటుకి భయపడదు, చల్లటి రాత్రుళ్ళలో వెచ్చగా ఉందని దాని మీదే పడుకుంటుంది. పాము ఎలకల కోసం వస్తుంది, ఎలక గింజల కోసం, చెత్త కోసం వస్తుంది. నెలకోసారి వచ్చే ఇల్లు కాబట్టి పోయేటప్పుడు బియ్యం, శనక్కాయలు డబ్బాల్లో మూత పెట్టి పోండి, కట్టెలు గోడకి ఆనించి పేర్చకండి, ఇంటి చుట్టూ ఆరడుగులు కంకర పరిచి అందులో గడ్డి లేవకుండా చూడండి. ఊరికి ఏనుగులు వచ్చే వైపు మీది కాబట్టి అరటీ పనసా ఇంటి దగ్గర పెట్టొద్దు, ఇది పాములకంటే ముఖ్యం. కంచెకి ఇంటి కరెంటు తగిలించే పని ఎవరు చెప్పినా చేయకండి, అది నేరం, ముందు పోయేది మీ కూలివాడో పక్కింటి ఆవో. తలుపు కింద సందు పావు అంగుళం మించకుండా వడ్రంగితో పట్టీ కొట్టించండి, వచ్చిన ప్రతిసారీ లోపలికి అడుగు పెట్టేముందు టార్చి వేసి మంచాల కింద చూడండి, చెప్పులు దులిపి వేసుకోండి.